సి సెక్షన్ నాదే

సెలవుల తర్వాత బడి తెరిచిన మొదటి రోజే లెక్కల మేడంకి ఒళ్ళు మండింది. స్టాఫ్ రూమ్ గోడకి అంటించిన టైమ్ టేబుల్‌లో ఆమె పేరు పదో తరగతి ఏ సెక్షన్ ఎదురుగా ఉంది. సి సెక్షన్ ఎదురుగా కొత్తగా చేరిన కుర్ర మాస్టారి పేరుంది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. అద్దాల తప్పేమీ కాదు.

ఆ బడిలో సెక్షన్లు మార్కులను బట్టి కట్టేవారు. బాగా చదివేవాళ్ళు ఏ, ఫర్వాలేదనిపించేవాళ్ళు బి, ఎవరికీ అక్కర్లేనివాళ్ళు సి. మిగతా టీచర్లు ఏ సెక్షన్ కోసం హెడ్మాస్టరు చెవిలో జోరీగల్లా పోరుతుంటే, ఈవిడ మాత్రం సి నాకే కావాలని ఏటా పట్టుబట్టేది. పట్టుబట్టి తీసుకుని ఊరుకునేదా? అందరూ పాసయ్యేదాకా తను నిద్రపోయేది కాదు, వాళ్ళని నిద్రపోనిచ్చేది కాదు. ఆ సంగతి ఎవరైనా మర్చిపోతే తనే గుర్తు చేసేది కూడా. "ఈ ఏడైనా ఆ గొంతు కాస్త ఇంటికి మిగల్చవే," అని గడియారాలు బాగుచేసే ఆమె భర్త పొద్దున కూడా అన్నాడు.

అందర్నీ పాస్ చేయించడానికి ఆమె పద్ధతి ఒకటుంది. సంవత్సరం మొదట్లోనే పుస్తకం తెరిపించి, "ఇది మనకొద్దు, ఇదీ మనకొద్దు" అంటూ కష్టమైన పాఠాలను వదిలించేసేది. త్రికోణమితి మొత్తం పోయేది. మిగిలినవి మాత్రం నోటికొచ్చేదాకా రుబ్బించేది. గట్టెక్కడానికి అవి చాలు.

ఈ ఏటి సి పిల్లల్ని తొమ్మిదిలోనూ తనే లాక్కొచ్చింది. నోట్లో నాలుక లేనట్టు కూర్చునేవాళ్ళని బోర్డు దాకా రప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. తీరా పదికొచ్చాక ఇంకొకరికి అప్పగిస్తారా? విసవిసా హెడ్మాస్టరు గదికి నడిచింది.

"ఏంటి సర్ ఇది? నేనేం తప్పు చేశానని?"

"తప్పేంటమ్మా! ఇన్నేళ్ళు కష్టపడ్డారు, ఈసారి కాస్త సుఖపడండి. ఏ సెక్షనంటే ఎగిరి గంతేస్తారనుకున్నా."

"గంతులేసే మోకాళ్ళు కావు సర్ ఇవి. నా పిల్లల్ని నాకిచ్చేయండి."

"అది కాదమ్మా..." ఆయన ఏదో చెప్పబోయి ఆగాడు. ఫ్యాను స్విచ్ వేశాడు, ఆపాడు, మళ్ళీ వేశాడు. "నా మాట వినండి. వద్దు."

ఆయనలా నీళ్ళు నమలడం చూసి ఆమెకి మరింత మండింది. ఎవరో గిట్టనివాళ్ళు చాడీలు చెప్పి ఉంటారు.

"ఆ కుర్రాడు సరేనంటే మార్చుకోవచ్చా?"

"మీ ఇష్టం. తర్వాత నన్ననకండి."

కుర్ర మాస్టారు సరేనడమా! "ఏ సెక్షన్ నాకా అక్కా?" అని ఆమె కాళ్ళ మీద పడ్డంత పని చేశాడు.

సి సెక్షన్ గదిలోకి ఆమె గెలిచిన ముఖంతోనే అడుగుపెట్టింది. సంతోషంతో కేకలు పెడతారు, బల్లలు చరుస్తారు, వద్దని కసరాలి అనుకుంది. పిల్లలు లేచి నిలబడ్డారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఏంట్రా ఆ మొహాలు? మీ కోసం పోట్లాడొచ్చాను తెలుసా?"

ఆమె ముద్దుగా వాగుడుకాయ అని పిలిచే పిల్ల కూడా తలొంచుకుని బల్ల గీకుతోంది.

"నువ్వన్నా చెప్పవే."

"మేడం, మిమ్మల్ని మార్చమని అడిగింది మేమే."

చెంప మీద కొట్టినట్టయింది. "ఎవరు నేర్పారే మీకీ మాటలు?"

"ఎవరూ నేర్పలేదు మేడం. మా అన్నయ్య మీ దగ్గరే కదా పాసయ్యాడు. కాలేజీలో చేరగానే త్రికోణమితి మొదలెట్టారంట. మీకు టెన్త్‌లో వచ్చిందేగా అని గబగబా చెప్పుకుపోయారంట. వాడికొక్క ముక్క అర్థం కాలేదు. మానేశాడు. ఇప్పుడు నేను పుస్తకం తెరిచినా లేచెళ్ళిపోతాడు."

ఆ అన్నయ్య ఆమెకి బాగా గుర్తు. ఫలితాలొచ్చిన రోజు బడంతా పరుగులు తీసిన పిల్లాడు.

"మరి నాతోనే చెప్పొచ్చుగా?"

"మా కోసం అంత కష్టపడతారు కదా మేడం, మీ మొహం మీదెలా చెప్తాం? మేమడిగామని మీకు చెప్పొద్దని పెద్దసారునీ బతిమాలాం."

ఆమెకి ఆ పిల్ల మీద కోపమొచ్చింది. గబగబా చెప్పుకుపోయిన ఆ లెక్చరర్ మీద, ఫ్యాను స్విచ్‌తో ఆడుకున్న హెడ్మాస్టరు మీద కూడా వచ్చింది. ఎంత తిప్పినా ఆ కోపం తన దగ్గరికే వచ్చి ఆగింది. ఈ పిల్లలకు రాదని తీర్మానించింది తనే. నేర్చుకుంటారా అని ఏ ఏడూ ఎవర్నీ అడిగింది లేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కుర్ర మాస్టారిని వెనక్కి పిలుద్దామా అనుకుంది. కానీ పిల్లలు కూర్చోకుండా ఆమెనే చూస్తున్నారు.

"కూర్చోండి. పుస్తకాలు తీయండి. త్రికోణమితి."

పేజీలు తిరిగాయి. వెనక బెంచీలోంచి ఒకడు భయంభయంగా చెయ్యెత్తాడు.

"మేడం, అది మాకు నిజంగా వస్తుందంటారా?"

"తెలీదురా," అందామె కోపంగానే. "ఇన్నాళ్ళూ తెలుసనుకున్నాను."