సంచి అడుగున ఉన్నది

ఈ విరిగిన టీ కప్పు చెవిని పైన కట్టాలా పక్కన కట్టాలా, పైన కడితే బరువుకు తీగ వంగుతుంది, పక్కన కడితే కళ్ళజోడు కాడకు తగులుతుంది, అయినా ఇలాంటివి గుండ్రంగా దండ కట్టి ఇంటి తలుపుకు తగిలించుకునేవాళ్ళు ఉంటారా అని అమ్మ ఇప్పటికీ విసుక్కుంటుంది, పూలూ ఆకులూ కరువయ్యాయా నీకు అంటుంది, ఉంటారమ్మా, పళ్ళ డాక్టరు అరిగిపోయిన టూత్‌బ్రష్షులతో చేయించుకున్నాడు, అది చూసి ఇద్దరు పేషెంట్లు గుమ్మంలోంచే వెనక్కి తిరిగారట, అది వేరే సంగతి, చెల్లి మాత్రం మొదటినుంచీ నా పక్షమే, అక్కా నీ చేతిలో పడితే చెత్తకు కూడా యోగం పడుతుంది అంటుంది, అని ఊరుకోదు, విరిగినవన్నీ సంచిలో వేసి తెస్తుంది, నిన్న కూడా తెచ్చింది, లోపలికి రావే అంటే ఆయన బండి మీద ఉన్నారక్కా అని గుమ్మం బయటే నిలబడింది, సంచి ఎడమ చేత్తో అందించింది, అదేంటే ఎడమ చేత్తో ఇస్తావు అని నేను నవ్వాను, మరిది బండి దిగకుండానే, మీ చెల్లెలి చేతిలో ఏదీ నిలవదు వదినా, పట్టుకున్నదల్లా పగలగొడుతుంది, మీకు పనికొస్తాయిలెండి అన్నాడు, దానికీ నవ్వాను, ఎంత నెమ్మదిగా మాట్లాడతాడు, గొంతు ఎప్పుడూ పైకి లేవదు.

కప్పు చెవి ఎక్కడ కట్టాలో చెల్లినే అడుగుదామని ఇందాక ఫోను చేస్తే మరిది ఎత్తాడు, పడుకుంది వదినా, లేచాక చేయిస్తాను, పట్టపగలు పడుకునే మనిషి కాదే అది, ఒంట్లో బాగాలేదా అంటే బాగానే ఉంది, అలిసిపోయింది అన్నాడు, ఎందుకు అలిసింది అనేలోపు పెట్టేశాడు, సరేలే, తీగ మెలితిప్పు, దువ్వెన ముక్కలు రెండూ ఎదురెదురుగా కట్టు, కప్పు జారిపడితే పగులుతుంది గాని దువ్వెన జారిపడి విరుగుతుందా, విరిగిన చోట తెల్లగా పాలిపోయింది, ఎవరో రెండు చేతులతో పట్టి వంచినట్టు, కళ్ళజోడు కాడ కూడా మెలితిరిగే ఉంది, కళ్ళజోడు లేకపోతే అది నన్నే గుర్తుపట్టదు, నిన్న పెట్టుకుందా, లేదు, నా వైపు తిరిగిందే గాని నన్ను చూసినట్టు లేదు, సంచి ఎడమ చేత్తో ఎందుకిచ్చింది, కుడి చేయి చున్నీ కిందినుంచి బయటికి రానేలేదు.

ఇంకేమున్నాయో చూద్దాం, అడుగున ఏదో బరువుగా, పాత గుడ్డలో చుట్టి, ఇదేమిటి, గడియ, గది తలుపుకు లోపలినుంచి వేసుకునే ఇనుప గడియ, వంగిపోయి ఉంది, మరమేకులన్నీ దానికే వేలాడుతున్నాయి, వాటి మరల్లో తలుపు చెక్క పీచు, విప్పి తీసింది కాదు ఇది, బయటినుంచి తన్నితే ఊడొచ్చింది, చెల్లి దీన్ని గుడ్డలో చుట్టి అన్నిటికంటే కింద పెట్టింది, మరిది సంచి తెరిచినా కనపడకుండా, దండ కోసం కాదు, నా కంట పడాలని, చెప్పులేవి, నా చెప్పులేవి, ఇప్పుడేం కొంప మునిగిందే అంటోంది అమ్మ, ఒక్కదాన్నే వెళ్ళకూడదు, కింది వాటాలో కానిస్టేబులుగారు ఉంటారు, ఆయన్ను వెంట తీసుకెళ్ళాలి, గడియ చేత్తో పట్టుకునే మెట్లు దిగుతున్నాను, అంటే మొన్నటిదాకా చెల్లి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకునేది, ఇప్పుడు ఆ గదికి గడియ లేదు.