తీతర్ కూత

ఆ తీతరు పిట్టకు పురుగులు ఏరుడంటే గౌహర్‌కు రోత. కాగజ్‌నగర్ అవతల గడ్డి బీడుకు పోవాలె, బర్లు వేసిన పెండ ఎండిందా లేదా చూసుకోవాలె, పుల్లతోటి తిరగెయ్యాలె. కింద తెల్లగ చెదలు, వాటి నడుమ బొద్దు పురుగులు మసులుతుంటయి. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని డబ్బాల ఏసుకునేది. ఛీ, గదేం తిండో! గడ్డి గింజలు పోస్తే రెండు గెలికి ఊకుంటది. దొరగారికి పెండ కింది పురుగే కావాలె.

అయినా ఏండ్ల సంది ఏరుతనే ఉన్నది. పొద్దుగాల పింజ్రాల నుంచి అది కూస్తే "సుభాన్ తేరీ ఖుద్రత్" అని వినపడుతది మరి, దేవుడా నీ మహిమ అని. పక్కింటోళ్లు దాన్ని కంజు అంటరు, వాళ్లకది వట్టి కూత. గౌహర్‌కు మాత్రం అల్లాను తలిచే పిట్ట. అట్లాంటి నోటికి ఏం పెట్టినా పుణ్యమే అనుకున్నది.

ఒకనాడు ఆమె పెనిమిటి ఇనాయతుల్లా పింజ్రా పట్టుకొని బీడుకు పోయిండు. "జర గాలి తగిలిచ్చుకొస్త" అన్నడు, ఎప్పుడూ అనేదే. పురుగుల డబ్బా మరిచిండని గౌహర్ వెనుకనే పోయింది.

పోయి చూస్తే పింజ్రా రేగుపొద పక్కన గడ్డిల ఉన్నది. చుట్టూ ఉచ్చులు. లోపలి పిట్ట గొంతు చించుకుంటున్నది. కొద్దిసేపటికి అడవి తీతరొకటి మెడ నిక్కించుకొని ఉరికొచ్చింది, నా జాగల కూసేది ఎవడని కొట్లాటకు. కాలు ఉచ్చుల పడ్డది. ఇనాయతుల్లా నిమ్మళంగ లేచి కత్తి తీసిండు.

దోస్తు ఇచ్చిండని అప్పుడప్పుడు ఇంటికి తెచ్చే మాంసం ఇదేనన్నమాట. గౌహర్ వండింది, తిన్నది కూడ. ఇప్పుడు గొంతుల వేలు పెట్టి కక్కాలనిపించింది. అల్లాను తలుసుడు లేదు, మన్ను లేదు. అది పోట్లాట కూత, ఆ కూతకు బలం తన చేతి పురుగులే.

"మీకు సిగ్గనిపిస్తలేదా?" అన్నది.

"మసాలా జర ఎక్కువ నూరు" అన్నడాయన.

గౌహర్ వంగి పింజ్రా తలుపు తీసింది. తీతరు బయటికొచ్చి, ఎండిన పెండను కాళ్లతోటి గీరి, చెదలు ఏరుకొని తిన్నది. పొమ్మని కొంగుతోటి అదిలిచ్చింది. అంతల ఇనాయతుల్లా నాలుకతోటి టక్కుమనిపిచ్చిండు. గంతే, పిట్ట గునగున నడిచి మళ్ల పింజ్రాల కూసున్నది.

థూ అని ఊంచింది గౌహర్, ఇద్దరి మీద. డబ్బా అక్కడ్నే కుమ్మరించి ఇంటి దారి పట్టింది.

"పురుగులు లేకుంటే రేపు ఎట్ల కూస్తది?" అని వెనుక నుంచి ఒర్రిండు.

నిఖా అయిన సంది ఆయనను మీరు తప్ప ఇంకోమాట అనని గౌహర్ ఆగి, వెనుకకు తిరిగింది.

"రేపు నువ్వే కూయి."