మంగళవారమే వచ్చేసిన 2050

అమెరికాలో మేముండే మోరిస్‌విల్ చుట్టుపక్కల జనం ఇలాగే పెరిగితే 2050 నాటికి ఎన్ని నీళ్లు కావాలో లెక్కగట్టడం నా ఉద్యోగం. రెండేళ్లు కూర్చుని రిపోర్ట్ రాశాను. ఒక్కడూ చదవలేదు.

సోమవారం సాయంత్రం మా ఆవిడ శ్రీవిద్యతో ఒక ముక్క అన్నాను, నా నోరు పడిపోను!

"వానల్లేవు కదా, ఈ వారం లాన్‌కి నీళ్లు పెట్టొద్దని రేపు టౌన్ వాళ్లు మెసేజ్ పంపుతారు. కంగారేం లేదు."

ఆ చివరి మాట వినగానే ఆవిడ లేచి వెళ్లి బాత్‌టబ్ నింపింది. తర్వాత మా కమ్యూనిటీ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టింది: "మావారు వాటర్ ఆఫీసులోనే చేస్తారు. కంగారేం లేదంటున్నారు. ఇక మీరే అర్థం చేసుకోండి."

తెల్లారేసరికి మూడొందల ఇళ్లలో టబ్బులు, బకెట్లు, ఐస్‌బాక్సులు, పార్టీలకి పులిహోర కలిపే గిన్నెలు అన్నీ నిండిపోయాయి. ఆఫీసుకెళ్తే మా బాస్ స్క్రీన్ ముందు నోరెళ్లబెట్టి నిలబడ్డాడు. మా కమ్యూనిటీకి 2050లో ఇంత పడుతుందని నేను గీసిన గీతని వాడకం అప్పటికే దాటేసింది.

"అక్కడ ఎవరుంటారు?" అన్నాడు.

"స్టడీ చేయాలి సర్," అన్నాను.

సాయంత్రానికి ఆ మెసేజ్ పక్క ఊరు క్యారీ దాకా పాకింది. ఇంటికొచ్చి మొహం కడుక్కుందామని ట్యాప్ తిప్పితే దారప్పోగంత ధార. టబ్‌లో చెంబు ముంచబోతే శ్రీవిద్య చెయ్యి పట్టుకుంది.

"చూశారా! మీ మాట నమ్మి ఉంటే ఈపాటికి మన గతేమయ్యేది?"