ఒక్కటే ట్రంకు లైను

డెబ్బై ఎనిమిది వానాకాలం. గాలివానకు తీగలు తెగి, పుంగనూరు నుంచి మదనపల్లెకు ఆ రోజు ఒక్కటే ట్రంకు లైను మిగిలింది. కుప్పం వ్యాపారుల మాటలు కూడా దాని మీదే పోవాలి. పుంగనూరు ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ వెంకటరత్నమ్మకు తల దిమ్మెక్కిపోతోంది. అన్నిటికన్నా ఎక్కువ డబ్బు కట్టే లైట్నింగ్ కాల్ వాళ్లకు ముందు, అర్జెంటు వాళ్లకు తర్వాత, ఆర్డినరీ వాళ్లకు దేవుడెప్పుడు కరుణిస్తే అప్పుడు. ఎవరికైనా మూడు నిమిషాలే. ఆ రూలు పెట్టిన మహానుభావుడు వేరుశనగ వ్యాపారులతో ఎన్నడూ వేగి ఉండడు. "త్రీ మినిట్స్" అని ఆమె గొంతు చించుకున్నా ఒక్కడూ లెక్కచేయడు.

గోదాములో మూటలు మోసే ఎల్లప్ప మాత్రం పొద్దుటి నుంచి బూత్ పక్క బెంచీ మీద కదలకుండా కూర్చున్నాడు. మదనపల్లె ఆస్పత్రికి ఆర్డినరీ కాల్. వ్యాపారులు ఒకరి తర్వాత ఒకరు అతన్ని దాటుకుని మాట్లాడిపోతున్నారు. చూసి చూసి ఆమెకే ఒళ్లు మండింది.

"ఆస్పత్రిలో ఎవురప్పా?"

"నా పెండ్లామమ్మా. బిడ్డ అడ్డం తిరిగిందంట. ఆపరేషన్ సెయ్యాలంటే మొగుడు ఒప్పుకోవాలంట. సెయ్యమని సెప్పల్ల. ఆమె బతికితే సాలు."

"నీ ఇల్లు బంగారం గానూ! ఇంతసేపూ నోరు యాల తెరవలేదు? లైట్నింగ్ అడగాల్సింది గదా?"

"అది షావుకార్లకి గదమ్మా. మాకిస్తారా?"

వెంకటరత్నమ్మ బోర్డు వైపు తిరిగింది. లైను మీద కుప్పం రాజగోపాల్ బేరమాడుతున్నాడు. ఆమె ఎల్లప్ప చీటీ మీద ఆర్డినరీ కొట్టేసి లైట్నింగ్ అని రాసింది. మూడు నిమిషాలు నిండగానే, "ఇంకో మూడమ్మా" అని రాజగోపాల్ అంటుండగానే బోర్డులోంచి ఆయన తీగ లాగేసింది. ఆయన పైవాళ్లకు ఫిర్యాదు చేస్తాడు. చేసుకోనీ.

ఆస్పత్రి పలికింది. డాక్టరు గారిని పిలుస్తానని ఎవరో రిసీవరు బల్ల మీద పెట్టి పోయారు. బూత్‌లో ఎల్లప్ప రెండు చేతులతో ఫోను చెవికి అదుముకున్నాడు. ఎంతకీ ఎవరూ రారు. గడియారం ఆగదు. రావయ్యా డాక్టరూ, అని వెంకటరత్నమ్మ పళ్లు బిగబట్టింది. ఎట్టకేలకు అవతల అడుగుల చప్పుడు వినిపించింది. సరిగ్గా అప్పుడే టైము నిండింది. ఏళ్ల తరబడి అలవాటు పడిన నోరు, ఆమెను అడగకుండానే పలికింది.

"త్రీ మినిట్స్."

ఎల్లప్ప ఫోను పెట్టేశాడు.

"యాల పెట్టేస్తివి?" ఆమె కేక వేసింది.

అతను బెదురుతూ బూత్ బయటికొచ్చాడు. "అయిపోయిందంటిరి గదమ్మా."

ఆమె తీగ లాగలేదు గనక లైను ఇంకా తెగలేదు. "హలో! ఎల్లప్పేనా? ఎవరూ పలకరేం? నాకు టైం లేదు, పెట్టేస్తున్నా" అంటున్నాడు డాక్టరు.

"పెట్టొద్దు సార్! ఆపరేషన్ చేసెయ్యండి. మావాడు ఒప్పుకుండాడు" అని వెంకటరత్నమ్మ అందుకుంది.

"మీరెవరు?"

ఆపరేటరు మధ్యలో మాట్లాడితే ఉద్యోగం పోతుంది.

"ఎల్లప్ప అక్కను" అంది.

థియేటర్ సిద్ధం చెయ్యమని ఆయన నర్సుల మీద అరవడం చెవులారా విన్నాకే ఆమె తీగ లాగింది.