రోజూ వచ్చే వ్యాను

అక్కని ఆసుపత్రిలో చేర్చాలని సంచి సర్దుతున్నాను. రాత్రి గౌను, ఇంటి చెప్పులు, పళ్ళసెట్టు డబ్బా పెట్టి, పైన ఉన్ని శాలువా మడిచి పెట్టాను. గ్వెన్లియన్ అక్క ఆ శాలువా తీసి మంచం మీద పడేసి, తువ్వాలులో చుట్టిన ఏదో వస్తువు కుక్కింది.

"అదేంటే అక్కా? శాలువా లేకపోతే చలేస్తుంది."

"వేస్తే ఫోన్ చేస్తాలే, వచ్చి కప్పుదువుగాని. ఒక్కటి గుర్తుపెట్టుకో ఎలీనెడ్, నా హార్ప్ ఇప్పుడు నెస్టాది. పన్నువాళ్ళు అడిగితే ఎప్పుడో ఇచ్చేశానని చెప్పు."

"ఇప్పుడా మాటలెందుకు?"

"మరి నీకెప్పుడు చెప్పినా ఏడుపేగా!"

నెస్టా మా తమ్ముడి కూతురు. కార్డిఫ్‌లో పెళ్ళిళ్ళకీ, చావులకీ నిలువెత్తు హార్ప్ తీగలు మీటి బతుకుతుంది. అక్క పోయాక ఆవిడ వీలునామా అమలుచేసే పని నా నెత్తిన పడింది. నేను చదివింది తక్కువ. స్వాన్సీ నుంచి డొల్గెత్లై వచ్చి, అక్క ఇంట్లోనే ఉండి, లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకుని కూడబలుక్కుంటూ చదివాను. కానుక ఇచ్చిన మనిషి ఆ తర్వాత ఏడేళ్ళు బతికితే దాని మీద పన్ను లేదట. హార్ప్ ఇచ్చాక అక్క ఎనిమిదేళ్ళు బతికింది. హమ్మయ్య అనుకుని పేజీ తిప్పాను. ఇచ్చిన వస్తువును ఇచ్చినవాళ్ళే వాడుకుంటూ ఉంటే అది ఇచ్చినట్టే కాదని ఉంది అక్కడ.

అలా తేలితే హార్ప్ కూడా అక్క ఆస్తిలో కలుస్తుంది. ఇల్లు ఒక్కటే పన్ను మొదలయ్యే గీత దాకా వచ్చేసింది. హార్ప్ విలువలో వందకు నలభై పన్ను పడుతుంది, అదీ నెస్టా మీదే. హార్ప్ అమ్మితే తప్ప ఆ పిల్ల కట్టలేదు. అమ్మితే తినేదేమిటి?

హార్ప్ ఎనిమిదేళ్ళ కిందటే వెళ్ళిపోయిందని సాక్ష్యం కావాలి. నేనూ నెస్టా కలిసి పక్కింటి ఇద్వాల్‌ని టీకి పిలిచాం. బారా బ్రిత్ కేకు రెండు ముక్కలు తిన్నాడు, మూడోది చేతిలోకి తీసుకున్నాడు. సంతకం అనగానే దాన్ని పళ్ళెంలో పెట్టేశాడు.

"అబద్ధం రాయనమ్మా. చాపెల్ పెద్దని. ఆవిడ ఆసుపత్రికి పోయేదాకా రోజూ సాయంత్రం హార్ప్ వినిపించింది."

నెస్టా వైపు చూశాను.

"అట్లా చూస్తావేంటి అత్తా! బాబాయ్, హార్ప్ మా ఇంట్లో ఉంటే ఇక్కడెలా మోగుతుంది?"

"దేవుణ్ణడుగు. గోడ అవతల నేనేగా పడ్డది! అదీ ఒకటే కీర్తన. మూడో చరణంలో రోజూ ఒకటే తప్పు తీగ. ఆ తప్పు వచ్చేదాకా నాకు ముద్ద దిగేది కాదు. పాట అవ్వగానే ఆ దిక్కుమాలిన వ్యాను హారన్!"

"ఏ వ్యాను?"

"ఎవడికి తెలుసు? రోజూ లేచి కిటికీలోంచి చూసేవాణ్ణి. ఒక్కనాడు కనపడితేనా! దొంగవెధవ, అంత జోరుగా పోయేవాడు."

రోజూ అదే తప్పు. రోజూ అదే హారన్. నేను లేచి బీరువా తెరిచాను. ఆసుపత్రివాళ్ళు తిరిగిచ్చిన సంచి అందులోనే ఉంది. దాన్ని విప్పడానికి అప్పటిదాకా నాకు చేతులు రాలేదు. తువ్వాలు విప్పితే పాత టేపు రికార్డరు. మీట నొక్కాను.

కీర్తన మొదలైంది. మూడో చరణంలో టంగుమంది.

"అదిగో తప్పు!" అన్నాడు ఇద్వాల్.

పాట అయింది. బయటెక్కడో వ్యాను హారన్ మోగింది. ఇద్వాల్ దిగ్గున లేచి కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. వీధి ఖాళీగా ఉంది. వెనక నుంచి టేపులో మా అక్క గొంతు: "వస్తున్నానయ్యా, ఏం కొంపలంటుకున్నాయని! మెట్ల మీద జాగ్రత్త. కార్డిఫ్ దాకా వెళ్ళాలది. నెస్టాకి చెప్పండి, మూడో తీగ కాస్త..." అంతటితో టేపు ఆగిపోయింది.

నెస్టా ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది, మళ్ళీ ఇద్వాల్ మొహం చూసి నవ్వింది.

"ఎనిమిదేళ్ళు!" అన్నాడతను, కిటికీ దగ్గరే నిలబడి. "ఎనిమిదేళ్ళు ఒక టేపు కోసం వేడి సూపు వదిలేసి లేచానా!"

"మరి సంతకం, బాబాయ్?"

"పెడతానే తల్లీ. ముందా కేకు ముక్క ఇటివ్వు."

మిగతా సామాన్లతో పాటు టేపు రికార్డరును కూడా పన్నువాళ్ళకి చూపించాను, విలువ ఏమీ లేదని. ఇప్పుడది నా దగ్గరే ఉంది.

హార్ప్ ఎనిమిదేళ్ళ కిందట మే నెలలో వెళ్ళింది. తిరిగి రాలేదు. అక్క మొన్న నవంబరు పద్నాలుగున ఆసుపత్రికి వెళ్ళింది. తిరిగి రాలేదు.