నూకాలు గొంతు

మా సినిమాను మెచ్చుకోని పేపరు లేదు. చిత్రోత్సవాల్లో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అవార్డుల జాబితాలో మాత్రం దాని పేరు లేదు. నటిది సొంత గొంతు కాదు కాబట్టి పక్కన పెట్టామని కమిటీ వాళ్లు ఉత్తరం రాశారు.

ఆ గొంతు తీసేసింది నేనే. ఈ సినిమాకు సౌండు పని నాది. గోదావరి నుంచి విశాఖ ఉక్కునగరం వచ్చి స్థిరపడ్డ ఇంట్లో పుట్టాను, ఇక్కడి యాసంటే నాకు చిన్నప్పటి నుంచీ వెటకారం. మా సినిమాలో తల్లి వేషం వేసిన జాలారిపేట నూకాలు మాటలు హైదరాబాదులో ఎవరికి అర్థమవుతాయని, ఒక డబ్బింగు అమ్మాయి చేత శుభ్రమైన తెలుగులో చెప్పించాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నూకాలు కొడుకు నాగబాబు సముద్రం మీద వేటకెళ్లి రెండేళ్లయింది. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. శవం కంటపడేదాకా ఇంట్లో ఎవరూ ఏడవకూడదని నూకాలు పట్టు. అత్త శోకం పెడితే కోడలు దుర్గ బొట్టు తీయాలి, గాజులు పగలగొట్టుకోవాలి. అందుకే ఆ ముసలి మనిషి పళ్లు బిగించుకుని ఉంది. కొడుకు పోయిన తల్లి వేషం వేస్తావా అని అడిగితే మాత్రం వెంటనే ఒప్పుకుంది. వేషంలో ఏడిస్తే తప్పులేదు కదా. షూటింగుకు కోడల్ని రానివ్వలేదు. ఆ రోజు కథలో పేరు వదిలేసి సొంత కొడుకు పేరు పెట్టి ఏడ్చింది. డబ్బింగులో ఆ పేరు కూడా మార్పించాను.

మొన్న డైరెక్టరు మోహన్ పిలిచాడు. నూకాలు అసలు గొంతు పెట్టి పంపితే వచ్చే ఏడాది మళ్లీ చూస్తామని కమిటీ వాళ్లు అన్నారట, ఆమె సంతకం తెమ్మన్నాడు. ఆదివారం పొద్దున్నే వెళ్లాను. దుర్గ గుమ్మం ముందు ఎండు చేపలు తిరగేస్తోంది.

"వద్దు వీరేంద్రబాబూ," అంది నూకాలు. "ఆ పిల్ల గొంతే బాగుంది. ఉండనీ. నాను సంతకం పెట్టను."

తన యాసకు సిగ్గుపడుతోందనుకున్నాను. ఆ సిగ్గు నేర్పింది నేనే అని బాధ కూడా వేసింది.

"నీ గొంతు ఎంత బాగుందో నువ్వే వినమ్మా," అని ఫోను తీసి షూటింగు నాటి ఆమె ఏడుపు గట్టిగా పెట్టాను.

"ఓ నాగబాబూ... నా కొడకా... సచ్చిపోనావురా నాయనా... నీ పెళ్లానికి ఏటని సెప్పనురా..."

నూకాలు నా చేతి మీద పడి ఫోను లాక్కుంది. దాన్ని ఆపడం ఆమెకు తెలియదు. నేనే ఆపాను.

దుర్గ చేతిలో చేప కింద పెట్టి లేచి వచ్చింది.

"ఏడిసీసినావా అత్తా?" అంది. "నాకు సెప్పకుండా ఏడిసీసినావా?"

దుర్గ చెంగుతో బొట్టు తుడుచుకుంది. గుమ్మం రాయి మీద రెండు చేతులూ ఆనించి గాజులు పగలగొట్టుకుంది. అప్పుడు నూకాలు శోకం అందుకుంది. వీధిలో ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి దుర్గ చుట్టూ కూర్చున్నారు.

నన్ను పొమ్మని ఎవరూ అనలేదు. రెండేళ్లుగా ఆ ఇంట్లో బతికున్నవాణ్ణి నా చేతులతో నేనే చంపాను.