రెండు గుడ్ల అనుమానం

ఈత కొలనుకు వెళ్ళిన రోజు మా అత్తగారు నాకు రెండు ఉడికించిన గుడ్లు పెడుతుంది. వెళ్ళని రోజు ఒకటే. నేను కొలనుకు వెళుతున్నట్టు ఆవిడకు తెలియదు, తెలియకూడదు కూడా. మరి ఆ రెండో గుడ్డు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

ఇలాంటివి నా కంటబడకుండా పోవు. బస్సుల్లో టికెట్లు తనిఖీ చెయ్యడం నా ఉద్యోగం. నన్ను చూసి బెదిరి జేబులు తడుముకునేవాడి దగ్గర టికెట్ ఉంటుంది. తీరిగ్గా కిటికీలోంచి బయటికి చూసేవాడి దగ్గరే ఉండదు. ఇన్నేళ్ళు ఈ పని చేశాక ఎవరైనా నిమ్మళంగా కనిపిస్తే చాలు, నాకు అనుమానం వస్తుంది. మా అత్తగారు ఈమధ్య చాలా నిమ్మళంగా ఉంటోంది.

నాకిప్పుడు ఐదో నెల. పోయినసారి నాలుగో నెల దాటకుండానే కడుపు పోయింది. అప్పుడు అత్తగారు చెప్పినట్టల్లా విన్నాను. మెట్లెక్కలేదు, బకెట్ ఎత్తలేదు, మంచం దిగలేదు. అయినా నిలవలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదని డాక్టరమ్మ అంది గానీ, ఆ మాట వినడానికి బాగుంటుంది, అంతే. ఈసారి ఈత కొట్టొచ్చా అని అడిగితే నిక్షేపంగా కొట్టమంది. నీళ్ళలో ఉన్నంతసేపు నాకు భయం వెయ్యదు. ఒడ్డెక్కి తువ్వాలు చుట్టుకోగానే మళ్ళీ మొదలు. ఈపాటికి బిడ్డ కదలిక తెలియాలి. ఇవాళో రేపో తెలుస్తుందిలే అని డాక్టరమ్మ అన్న దగ్గర్నుంచి రోజూ కాచుకునున్నాను. ఏమీ తెలియడం లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అత్తగారికి తెలిస్తే ఈత ఆపించేస్తుంది. అరిచి కాదు, కళ్ళనీళ్ళు పెట్టుకుని. అరిస్తే నేనూ నాలుగు అనగలను, ఏడిస్తే ఏమనను? అందుకే పొద్దున్నే డిపోలో మీటింగ్ అని చెప్పి కొలనుకు వెళుతున్నాను. ఇంటికొచ్చి తిని, మధ్యాహ్నం డ్యూటీ ఎక్కుతున్నాను.

డాక్టరమ్మ కాక ఈ సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే. ఒకరు మా ఆయన. కటింగ్ షాపు నడుపుతాడు. కత్తెర ఆగినా నోరు ఆగదు, ఆ నోట్లో నువ్వుగింజ నానదు. రెండోది కొలను దగ్గర ఆడవాళ్ళ గదిలో బట్టలు పెట్టుకునే పెట్టెల తాళాలిచ్చే ఆవిడ. అందరూ తాళాలావిడ అంటారు. మొదటిరోజే "ఎన్నో నెలమ్మా?" అంది, సరే. రెండోరోజు "ఇల్లెక్కడ? ఇంట్లో ఎవరెవరుంటారు?" అని ఆరా తీసింది. నా ఇంటితో ఆవిడకేం పని? మూడోవాడు ఈల మాస్టారు. మెడలో ఈల వేసుకుని, మునిగేవాళ్ళని పైకి లాగడానికి కూర్చునే మనిషి. నేను చేరకముందు ఆయన కుర్చీ లోతు ఎక్కువున్న వైపు ఉండేదట. ఇప్పుడు నేను ఈదే వరస చివర పడింది. నేను గోడ తాకి తల ఎత్తినప్పుడల్లా ఆయన బూట్లే కనిపిస్తాయి. తిరిగి రెండో గోడకు వెళ్ళి చూస్తే, అక్కణ్ణుంచీ నన్నే చూస్తుంటాడు.

డిపోలో మాకో పద్ధతి ఉంది. తనిఖీ ఎక్కడో ముందుగానే బయటికి పొక్కుతుంటే, ముగ్గురికి మూడు చోట్లు చెబుతాం. ఏ చోట దొంగలు జాగ్రత్తపడ్డారో చూస్తే, పొక్కించిందెవరో దొరికిపోతారు. నేను అదే చేశాను. మా ఆయనతో వచ్చేవారం నుంచి సాయంత్రాలు వెళతానన్నాను. తాళాలావిడతో కడుపులో కవలలని చెప్పాను. ఆవిడ నోటిమీద చెయ్యేసుకుంది. ఈల మాస్టారితో నిన్న కొలను మధ్యలో పిక్క పట్టేసిందనీ, మునిగిపోతాననుకున్నాననీ చెప్పాను.

"మరి చెయ్యెత్తొచ్చు కదమ్మా," అన్నాడు.

"ఎత్తే తీరిక ఉంటేనా," అన్నాను. ఆయన మొహం పాలిపోయింది. మంచి నటుడే అనుకున్నాను.

ఇక ఇంట్లో చెవులు రిక్కించి కూర్చున్నాను. సాయంత్రం అంటుందా, కవలలంటుందా, పిక్క అంటుందా? అత్తగారు గుడ్డు పెంకు తీస్తూ, పక్కింటివాళ్ళ తలుపు కిర్రుమంటోందని మాత్రం చెప్పింది. పళ్ళెంలో మళ్ళీ రెండు గుడ్లు. కవలలకు చెరొకటా అని ఒక్క క్షణం ఉలిక్కిపడ్డాను. కానీ ఆ అబద్ధం పుట్టకముందు నుంచే ఇవి రెండు కదా.

మళ్ళీ కొలనుకు వెళ్ళినరోజు నీళ్ళు చల్లగా ఉన్నాయి. నాలుగైదుసార్లు ఇటూ అటూ ఈదేసరికి ఒళ్ళు వేడెక్కింది. పొట్ట బరువు నీళ్ళు మోస్తుంటే నడుం హాయిగా ఉంది. అడుగున పరిచిన నల్లపెంకుల గీత వెంటే పోతూ, ఎంతైనా నోరాగని మనిషి కదా, మా ఆయన్ని ఎలా నిలదీయాలా అని మాటలు కూర్చుకుంటున్నాను. సగం దూరంలో, బొడ్డు కింద, లోపల్నుంచి ఎవరో వేలితో తట్టారు.

చేతులు ఆడించడం మానేశాను. రెండు చేతులూ పొట్టమీద పెట్టుకున్నాను. నమ్మలేదు. తిన్నదేదో కదిలి ఉంటుందనుకున్నాను. ఊపిరి బిగబట్టి, ఇంకోసారి వస్తుందేమోనని అలాగే ఉండిపోయాను. తల నీళ్ళలోకి దిగిపోయిందని కూడా గమనించలేదు. అదిగో, మళ్ళీ తట్టింది.

ఈల ఎంత గట్టిగా మోగిందంటే నీళ్ళలో కూడా వినపడింది. ఆ వెంటనే ఈల మాస్టారు బూట్లతో సహా దూకాడు. వెనకనుంచి చంకల కింద చేతులేసి నన్ను పైకి లేపాడు.

"కాలు వదులు చెయ్యమ్మా, బిగబట్టకు. పిక్క అదే సర్దుకుంటుంది."

"పిక్క కాదండీ, వదలండి. కదిలింది."

"కదిలితే మంచిదే. కదిలించు, కదిలించు."

గట్టుమీద పడుకోబెట్టి నా కాలు పట్టుకుని సాగదీయడం మొదలుపెట్టాడు. తాళాలావిడ తాళాలగుత్తి గలగలలాడించుకుంటూ పరిగెత్తుకొచ్చింది. "అయ్యో, కవలలండీ, లోపల ఇద్దరున్నారు, చూసి పట్టుకోండి," అని లోకమంతా వినేలా చెప్పింది. ఈదేవాళ్ళంతా ఆగిపోయి నన్నే చూశారు. అబద్ధాలు చెప్పింది నేనే, ఎవరిమీద విసుక్కోను? కుర్చీ ఇటువైపు ఎందుకు జరిపారని మాస్టార్ని అడిగాను. కడుపుతో ఉన్నవాళ్ళు ఏ వరసలో ఈదితే ఆ వైపే కూర్చోవడం తన అలవాటట. తాళాలావిడ ఇల్లు అడిగిందీ ఇందుకే, అవసరమొస్తే ఎవరికి కబురు చెయ్యాలో తెలియాలని. ఎంత చెప్పినా వినకుండా నన్ను ఆటో ఎక్కించి, తనూ ఎక్కింది.

మా గుమ్మంలో అత్తగారు కనపడగానే తాళాలావిడ ఒక్క ఊపిరిలో అంతా చెప్పేసింది. మునిగిపోబోయిందనీ, పిక్క పట్టేసిందనీ, ఇద్దరు పిల్లలనీ. నేను ఏడుపు కోసం సిద్ధపడ్డాను. అత్తగారు నిదానంగా విన్నది.

"ఇద్దరు కాదమ్మా, ఒకరే. దానికి ఈత బాగా వచ్చు, మునగదు. శ్రమపడి తీసుకొచ్చారు, కాసిని మంచినీళ్ళు తాగి వెళ్ళండి," అంది.

తాళాలావిడ వెళ్ళాక తలుపేసి, అత్తగారి ఎదురుగా నిలబడ్డాను.

"ఎవరు చెప్పారు అత్తయ్యా మీకు?"

"నీ మొహం చెప్పింది. ఈత కళ్ళద్దాల గుర్తులు కళ్ళచుట్టూ చక్రాల్లా వేసుకుని ఇంటికొస్తావు. డిపోలో ఏం మీటింగో అది."

ఊళ్ళో అందరి మొహాలూ చదివే దాన్ని, నా మొహం అద్దంలో చూసుకోలేదు. చెప్పొద్దూ, తల కొట్టేసినట్టయింది.

"తెలిసి కూడా ఒక్క మాట అనలేదేం?"

ఆవిడ స్టవ్ దగ్గరికెళ్ళి, మండని స్టవ్‌ను ఇంకోసారి ఆర్పి వచ్చింది.

"పోయినసారి నా మాట విని మంచం దిగలేదు నువ్వు. ఏమైంది? పడుకోబెట్టి నేనే పోగొట్టానేమో. ఈసారి నా నోరు నేనే కట్టేసుకున్నా. పెట్టడం తప్ప ఇంకేం చెయ్యకూడదనుకున్నా."

పోయినసారి నుంచి ఆవిడ నా తప్పులు లెక్కపెడుతోందని అనుకుంటూ వచ్చాను. ఒకే ఇంట్లో, ఒకే గోడకు అటూ ఇటూ, ఇద్దరం ఎవరి నేరం వాళ్ళం మోసుకు తిరిగామన్నమాట. ఎవరి తప్పూ లేదని డాక్టరమ్మ చెప్పిందన్నాను.

"డాక్టరమ్మ అలాగే అంటుంది," అంది అత్తగారు.

"అత్తయ్యా, ఇవాళ కదిలింది. అందుకే నీళ్ళలో ఆగిపోయాను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "గాలి అయ్యుంటుంది."

"రెండుసార్లు కదిలింది."

"గాలి రెండుసార్లు రాదా?"

ఆవిడ చెయ్యి తీసుకుని నా పొట్టమీద పెట్టాను. పోయినసారి తర్వాత ఆవిడ నన్ను ముట్టుకోవడం ఇదే. వేళ్ళు ఆనించడానికి కూడా భయపడుతోంది. ఇంకాస్త గట్టిగా ఆనించమన్నాను. ఆనించింది. చాలాసేపు ఏమీ కాలేదు.

"చెప్పానుగా, గాలే," అంది.

చెయ్యి మాత్రం తియ్యలేదు. నా డ్యూటీ వేళ దాటిపోతోంది. ఆ సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.